గుండెకొక రేటు

పోయిన ఎండాకాలం మా ఇంట్లో మగ్గం అమ్మకానికి పెట్టినాము. అమ్ముదామని మొదట అన్నది మా ఆయనే. ఆ మాట అతని నోట అనిపించింది మాత్రం నా జీతం.

నేను ఎకో టెక్నీషియన్ని. హిందూపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పని. పేషెంటును ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, జెల్ పూసి, ప్రోబు ఆనించి, గుండె ఎట్లా కొట్టుకుంటాందో తెర మీద చూసి కొలతలు తీసి పెడతాను. డాక్టరు చూసి సంతకం చేస్తాడు. ఉండేది ధర్మవరం. పొద్దున ప్యాసింజరు ఎక్కితే పెనుకొండ, మలుగూరు దాటి హిందూపురం. సాయంత్రం ఏ రైలు దొరికితే ఆ రైలుకు వెనక్కి. ఇల్లు చేరేసరికి మా పాప భాగ్యశ్రీ తిని, ఆడుకొని, కండ్లు మూతలు పడతా నా కోసం గడప మీద కూర్చొని ఉంటుంది.

మా ఆయన రామాంజినేయులు పట్టు చీరలు నేస్తాడు. నాకు మేనత్త కొడుకు. పెళ్లయి ఇన్నేండ్లయినా బావా అనే పిలుస్తాను. మా అత్త చౌడక్క పట్టు దారం కండెలకు చుట్టి పెడుతుంది. ఇంట్లోకి అడుగు పెట్టినవాళ్లకు ముందు కనిపించేది మగ్గమే. మనుషులం దాని చుట్టూ సందు చూసుకొని బతికేవాళ్లం.

ఉగాది అయిపోయిన వారానికి శైలజ ఫోన్ చేసింది. అనంతపురంలో మేమిద్దరం ఒకే కోర్సు ఒకే బెంచీ మీద కూర్చొని చదివినాము. అది ఇప్పుడు బెంగళూరులో ఒక గుండె ఆస్పత్రిలో ఉండాది.

"మా దగ్గర ఒక పోస్టు ఖాళీ అయింది గీతా. ఆడమనిషే కావాలంటాండారు. నీకు ఇప్పుడు ఎంతిస్తారు?"

చెప్పినాను.

"పదిహేడు వేలా? ఇన్నేండ్ల సర్వీసుకా?"

"ఈడ ఇంతే శైలూ. మామూలు స్కానింగు సెంటర్లలో చేసే పిల్లోళ్లకు పది, పదకొండే. నేనే నయం."

అది నిజమే. కడుపు స్కానింగు డాక్టర్లే చెయ్యాలని చట్టం. ఆడ మా పని జెల్ పూసేది, పేరు రాసుకునేది, రిపోర్టు టైపు కొట్టేది. ఎకో అయితే ప్రోబు మా చేతికిస్తారు. అందుకే పొట్ట దగ్గర పనిచేసేవాళ్లకు ఒక రేటు, గుండె దగ్గర పనిచేసేవాళ్లకు ఒక రేటు. ఊరు మారితే మళ్లా ఇంకొక రేటు.

"ఈడ ముప్పై ఎనిమిదితో మొదలు పెడతారు," అనింది శైలజ. "పసిపిల్లల గుండెలు చూడను నేర్చుకుంటే యాభై దాటిస్తారు. వచ్చి ఒకసారి కనపడిపో."

ఆ దినం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడలేదు. నేను పట్టుకునే మెషీనే ఆడ శైలజా పట్టుకునేది. ఈడ గుండెకు నాలుగు గదులే, ఆడ గుండెకూ నాలుగు గదులే. మధ్యలో ఉండేది రెండు గంటల రైలు ప్రయాణం. అంత తేడా యాడ నుంచి వచ్చిందా అని అదే ఆలోచన.

ఇంట్లో చెప్తే బావ చేతిలో అటూ ఇటూ పోయే నాడె ఆగింది. ఒక నిమిషం కూడా ఆలోచించలేదు.

"పోదాం పా," అన్నాడు.

"మగ్గం?"

"మగ్గం పెట్టుకొని ఏం చేస్తాం? మిషన్ మీద నేసిన చీర సగం ధరకే అంగట్లో దొరుకుతాంటే, సావుకారు నాకు నేసేదానికి పడుగు వార్పు ఇచ్చేది రెండు నెలలకొకసారి. అమ్మేద్దాం. ఆడ అడ్వాన్సుకు పనికొస్తుంది."

అత్త పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసింది. "నేను?"

"నువ్వూ వస్తావు. నిన్నేమన్నా ఈడ పారేసి పోతామా?"

"ఆడ నేను చేసేదేముంది?"

"కూర్చుందువులే. ఎప్పుడన్నా కూర్చున్నావా జన్మలో?"

అత్త సంగటి గిన్నె దించి గట్టిగా తిప్పడం మొదలు పెట్టింది.

*

ఇంటర్వ్యూకు ఇద్దరమూ పోయినాము. పాపను అత్త దగ్గర వదిలినాము. ఆస్పత్రిలో నన్ను ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. ఒక పెద్దాయనను పడుకోబెట్టి, చెయ్యమన్నారు. చేసినాను. చూసిన మేడమ్ తల ఊపి, ఎప్పుడు చేరతావని అడిగింది. నెల నోటీసు ఇవ్వాలని చెప్పినాను. అంతే. అంత సులువుగా అయిపోయేసరికి నాకే నమ్మకం కుదరలేదు.

ఆ పొద్దే బావ కూడా పని వెతుక్కోను పోయినాడు. శైలజ భర్తకు తెలిసినవాళ్లు ఒక అపార్టుమెంటు దగ్గరికి రమ్మన్నారంట. నేను ఆటో దిగేసరికి గేటు దగ్గర నీలం చొక్కా వేసుకొని, టోపీ పెట్టుకొని నిలబడి ఉన్నాడు. కొలత సరిపోతుందా అని వేసి చూస్తాండారు. చొక్కా భుజాల దగ్గర వదులు. టోపీ చెవుల మీదికి దిగింది.

నన్ను చూసి నవ్వినాడు. "బాగుండానా?"

"బాగుండావు," అన్నాను.

రెండు చేతులూ ఏం చెయ్యాల్నో తెలియనట్టు ముందు పక్కకు వదిలేసినాడు, తర్వాత వెనక్కి కట్టుకున్నాడు, మళ్లా ముందుకు తెచ్చినాడు. కారొకటి వచ్చి హారన్ కొడితే ఇంకొక సెక్యూరిటీ ఆయన "గేటు తియ్యప్పా, నిలబడుకుంటే ఎట్ల?" అని కన్నడంలో కసిరినాడు. బావ పరిగెత్తి తీసినాడు. కారు పోయేదాకా గేటు పట్టుకొని వంగి నిలబడినాడు.

పన్నెండు గంటల డ్యూటీ. జీతం పధ్నాలుగు వేలు. మేము చూసిన ఇల్లు ఒక గది, దానికే వంట గట్టు. అద్దె తొమ్మిది వేలు, పది నెలల అద్దె ముందు కట్టాల.

రైల్లో తిరిగి వస్తా బావ ఒకటే మాట అన్నాడు. "ఎండకు టోపీ మంచిదే." తర్వాత హిందూపురం దాటేదాకా కండ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు. నిద్రపోతే అతను నోరు తెరుస్తాడు.

*

నోటీసు ఇస్తే మా ఆస్పత్రి మేనేజరు బసవరాజు సారు చదివి బల్ల మీద పెట్టినాడు.

"ఎంతకు పోతాండావమ్మా?"

"ముప్పై ఎనిమిదికి సార్."

"పో. నేను ఆపలేను. బెంగళూరు రేటు బెంగళూరిదే. మడకశిర నుంచి వచ్చే పేషెంటు దగ్గర అన్ని దుడ్లు యాడ పుడతాయి, నీకు నేను యాడ నుంచి తెచ్చి ఇయ్యాల?"

ఆయన కోపంగా అనలేదు. ఉన్నదే చెప్పినాడు.

ఇంటి దగ్గర మా మగ్గం చూడను, మగ్గాలు బేరం చేసిపెట్టే ఈరప్ప అన్న వచ్చినాడు. కొత్తచెరువు పక్కన ఎవరికో కావాలంట. చుట్టూ తిరిగి, కొయ్యలు తట్టి, అంచు బుటాలు వేసే జాకార్డు పెట్టె మీద దుమ్ము వేలితో తుడిచి చూసి, ఒక ధర చెప్పినాడు. బావ ఇంకొకటి చెప్పినాడు. ఇద్దరూ మధ్యలో యాడో కలిసినారు. అమావాస్య పోయినాక వచ్చే ఆదివారం టెంపో తెస్తానని పోయినాడు.

ఆ దినం మా అత్త పొద్దుగూకేదాకా కండెలు చుట్టింది. సావుకారు పట్టు ఇచ్చిందీ లేదు, నేసే చీరా లేదు. పాత పోగులు విప్పుతాది, మళ్లా చుడతాది.

*

పెనుకొండ నుంచి డాక్టర్ గిరిధర్ ఫోన్ చేసింది ఆ తర్వాతే. ఆయన్ని నేను చూడలేదు గానీ ఆయన చేతి రాత నాకు బాగా తెలుసు. వారానికి కొంతమందిని ఎకో కోసం హిందూపురానికి పంపించేవాడు.

"నువ్వు బెంగళూరు పోతావంటనే అమ్మా?"

"అవును సార్."

"మరి నా పేషెంట్లు యాడికి పోవాల? నేను కూడా మెషీను కొన్నాను. ఏడాది నుంచి దుప్పటి కప్పి పెట్టినాను. ఒక అబ్బాయిని పెట్టుకుంటే మా పల్లెల ఆడోళ్లు గదిలోకి పోయి, మగోణ్ని చూసి, రైక గట్టిగా పట్టుకొని బయటికి వచ్చేసినారు. వాడూ పోయినాడు. ఒకసారి వచ్చి చూసిపో, పోయేలోపల."

ఇంట్లో చెప్తే బావ పెదవి విరిచినాడు. "పెనుకొండలో ఎంతిస్తాడు? హిందూపురం కన్నా ఇంకా తక్కువే. పైగా దినానికి పదిమంది కూడా రారు."

అత్త పాపకు జడ వేస్తాండాది. తల ఎత్తకుండానే అనింది.

"జీతం ఎందుకు అడుగుతారు?"

"మరేం అడగాల అత్తా?"

"మీ మామ ఉన్నన్నాళ్లు ఏ సావుకారన్నా నెల జీతం ఇచ్చినాడా? చీరకింత కూలి. ప్లెయిను దానికొకటి, పెద్దంచు దానికొకటి. నువ్వు గూడా మనిషికింత అడుగు. ఆయనకాడ పదిమందే వస్తే రెండు దినాలు ఆడికి పో. తక్కిన దినాలు ఇంకోచాటికి పో. ఎవురికీ నిన్ను నెలంతా మేపే బరువుండదు."

బావా నేనూ ఒకరి మొగం ఒకరం చూసుకున్నాము.

"అట్ల ఇస్తారా అత్తా?"

"ఇయ్యకపోతే బెంగళూరు యాడికన్నా లేచిపోతాదా?" అనింది అత్త. జడకు రిబ్బను ముడి వేసి, పాపను ముందుకు తోసి, నా వైపు తిరిగింది. "ఒకటి విను. రేటు చెప్పినాక నోరు మూసుకో. నువ్వు గమ్మునే ఉండలేక, పోనీలే సార్ అంటావు. సావుకార్లతో నేను మాట్లాడినాను, నాకు తెలుసు. వాళ్లే మాట్లాడేదాకా గోడ చూడు."

*

పెనుకొండ ఆస్పత్రి చిన్నది. కింద మందుల అంగడి, పైన నాలుగు గదులు. మెషీను మీద నిజంగానే పూల దుప్పటి కప్పి ఉండాది. తీసి ఆన్ చేస్తే మంచి మెషీను. హిందూపురంలో నేను వాడేదానికంటే కొత్తది.

చెన్నేకొత్తపల్లి నుంచి కృష్ణమ్మ అని ఒకామె ఆ పొద్దే వచ్చి కూర్చొని ఉండాది. నడిస్తే ఆయాసం. ఇంతకు ముందు రైక పట్టుకొని పారిపోయినవాళ్లలో తనూ ఒకతి అని తనే చెప్పింది. తలుపు వేసి, పైట పక్కకు తీసి, పైన తెల్ల గుడ్డ కప్పి చేసినాను. చేస్తున్నంత సేపూ గొర్రెల సంగతి చెప్తానే ఉండాది. ఏ గొర్రె ఈనిందో, దేనికి జబ్బు చేసిందో అన్నీ. డాక్టరు వచ్చి తెర చూసి, కొలతలు చూసి, "ఏం భయం లేదమ్మా, రక్తం తక్కువుండాది, దానికి మందిస్తా" అన్నాడు. ఆమె లేచి కూర్చొని "అయితే ఇంకేం, ఇంటికి పోతా" అని చెప్పులు వెతుక్కునింది.

ఆమె పోయినాక డాక్టరు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

"ఎంత కావాలమ్మా నీకు?"

నేను పనికి చేరినప్పటి నుంచి ఇంత ఇస్తామని ఎవరో ఒకరు చెప్తే సరే అనడమే తప్ప, ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"జీతం వద్దు సార్. వారానికి రెండు దినాలు వస్తాను. మనిషికి రెండువందలు."

ఆయన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. గోడ మీద మందుల కంపెనీ క్యాలెండరు ఉండాది. జలపాతం బొమ్మ. దాన్ని చూస్తా ఉన్నాను. పోనీలే సార్ అనే మాట నాలుక కొస దాకా వచ్చి రెండు సార్లు వెనక్కి పోయింది.

"నూటయాభై," అన్నాడు.

జలపాతం పక్కన ఒక చెట్టు. చెట్టు కింద బండ.

"సరే, నూటడెబ్బై. మంగళవారం, శుక్రవారం. టిఫిన్ తిని రా, మధ్యలో లేవను కుదరదు."

అని గంట కొట్టినాడు. తర్వాతి పేషెంటు లోపలికి వచ్చినాడు. నేను లేచి బయటికి వచ్చినాను. మెట్లు దిగి, రోడ్డు దాటి, బండి దగ్గర నన్నారి సోడా తాగినాను. ఒక్క గుక్కకు సగం గ్లాసు ఖాళీ. బండాయన "ఎండ చానా ఉండాది, నిదానంగా తాగమ్మా" అన్నాడు.

*

ధర్మవరంలో మా ఇంటికి దగ్గర్లోనే ఎకో మెషీను ఉండే ఒక నర్సింగ్ హోము. ఈ సారి నేనే పోయి అడిగినాను. గురువారం ఒక పూట రమ్మన్నారు, పెనుకొండ రేటుకే.

ఇక హిందూపురం. నా నోటీసు నెల ముగియవస్తాండాది. నా చోటుకు ఒకాయన వచ్చి ముప్పై వేలు అడిగి పోయినాడు. ఇంకొకామె వచ్చి, రెండు దినాలు చేసి, మూడో దినం ఫోన్ ఎత్తలేదు. బసవరాజు సారు నన్ను పిలిచినాడు.

"రెండు వేలు పెంచుతాము. ఉండిపో."

"జీతానికి వద్దు సార్. సోమ, బుధ, శనివారాలు వస్తాను. మనిషికింత అని ఇయ్యండి." పెనుకొండ రేటు చెప్పి, కిటికీ వైపు చూసినాను.

"ఇది నా చేతిలో లేదమ్మా. పెద్దోళ్లను అడగాల."

పెద్దోళ్లు తేల్చలేదు. బెంగళూరు నుంచి మాత్రం, సోమవారం లోపల చేరే తారీకు చెప్పమని ఫోను వచ్చింది. ఆదివారం పొద్దున్నే ఈరప్ప అన్న టెంపో తెచ్చి వాకిట్లో నిలబెట్టినాడు.

బావ ఈరప్ప అన్నకు నీళ్లిచ్చి, మగ్గం దగ్గరికి పోయి, పై కట్లు విప్పడం మొదలు పెట్టినాడు. ఆ ముడులు వాళ్ల నాయన వేసినవి. బిగుసుకుపోయి ఉండాయి. గోటితో రాక పంటితో లాగినాడు. అత్త పాపను తీసుకొని పక్కింటికి పోయింది.

నేను తడి చేతులతో వంటింటి వాకిట్లో నిలబడి చూస్తాండాను. పెనుకొండ రెండు దినాలు, ధర్మవరం ఒక పూట. హిందూపురం ఒప్పుకుంటే బెంగళూరుకు కొంచెం తక్కువగా వస్తుంది, కానీ అద్దె లేదు. ఒప్పుకోకపోతే ఇప్పుడొచ్చేదానికంటే కూడా తగ్గుతుంది. ఒప్పుకుంటారని ఎవరూ నాకు మాటివ్వలేదు. బావ వంగి రెండో ముడికి పోయినాడు.

"ఈరప్పన్నా," అన్నాను. "వద్దులే అన్నా. మేము అమ్మము."

బావ వంగినవాడు వంగినట్టే ఆగినాడు.

"ఏమ్మా, ఇప్పుడా చెప్పేది? టెంపో తెచ్చినాక?" అన్నాడు ఈరప్ప అన్న.

"తప్పయింది అన్నా. పోయేది లేదు. ఈడే ఉంటాము."

"మరి టెంపో బాడుగ ఎవురు ఇస్తారు?"

"నేనిస్తా," అన్నాడు బావ. లేచి, చొక్కా జేబులో నుంచి తీసి, ఎంత అని కూడా అడగకుండా చేతిలో పెట్టినాడు. వంకాయల దగ్గర కూడా అరగంట బేరం చేసే మనిషి. ఈరప్ప అన్న చూసుకొని, "ఇది ఎక్కువైంది రామాంజీ" అంటే, "ఉండనీలే అన్నా, టీ తాగు" అన్నాడు. టెంపో సందు మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడి, లోపలికొచ్చి, నా మొగం చూసినాడు.

"హిందూపురమోళ్లు కాదంటే?"

"కాదంటే కదిరికి పోయి అడుగుతాను. మెషీన్లుండే ఊర్లు ఇంకా ఉండాయి."

తల ఊపినాడు. ఊపిరి గట్టిగా వదిలి, నేల మీదే కూలబడి, మోకాళ్ల మీద మొగం పెట్టుకొని చాలాసేపు అట్లే ఉండిపోయినాడు. ఏడుస్తాండాడేమో అని దగ్గరికి పోయినాను. నవ్వుతాండాడు. "ఆ టోపీ నాకు అస్సలు బాగలేదు కదా గీతా?" అన్నాడు.

"అస్సలు బాగలేదు బావా," అన్నాను.

మరుసటి దినం బెంగళూరుకు ఫోన్ చేసి రానని చెప్పినాను. శైలజ తిట్టింది. తర్వాత ఎట్ల కుదిరిందో అంతా అడిగింది. మనిషికింత అంటే, "మాకు దినానికి నలభైమందిని చూపించి అదే జీతం ఇస్తారే" అనింది.

హిందూపురం పెద్దోళ్లు ఇంకో పది దినాలు నాన్చినారు. చివరికి బసవరాజు సారు ఫోన్ చేసి, "మనిషికి నూటఅరవై. పైసా ఎక్కువ లేదు" అన్నాడు. గోడ చూసే ఓపిక నాలో అయిపోయింది. సరే సార్ అన్నాను. అత్తకు చెప్తే "పది రూపాయలు పారేసుకున్నావు" అనింది గానీ, ఆ మాట అంటా పాపను ఎత్తుకొని గిరగిరా తిప్పింది.

అంతా చక్కబడిందని చెప్పను. సెలవు పెడితే ఆ దినం డబ్బు లేదు. పీఎఫ్ లేదు. మొదటి నెల ధర్మవరంలో ఒక గురువారం ఇద్దరే వచ్చినారు. అయినా నెల తిరిగేసరికి పదిహేడుకు రెండింతలకు కొంచెం తక్కువలో వచ్చింది. సావుకారు బావకు ఒక వార్పు ఇచ్చినాడు. బళ్లు తెరిచినాక వారంలో రెండు దినాలు నేనే పాపను బడికి దిగబెడతాండాను.

జూన్ చివర్లో ఒక గురువారం, నర్సింగ్ హోములో ఏడుమందిని చూసి మధ్యాన్నానికంతా ఇంటికి వచ్చినాను. బయట సన్నగా వాన. ఆస్పత్రిలో డబ్బా మూత తీసి చల్లారిన అన్నం తినడం అలవాటైన మనిషిని. అత్త పళ్లెంలో ఉడుకుడుకు సంగటి ముద్ద పెట్టి, నడుమ గుంత చేసి నెయ్యి పోసి, పక్కన చెనిక్కాయలు నూరి చేసిన ఊరిబిండి వేసి, ఎదురుగ్గా కూర్చునింది.

"రేపు యాడికి?"

"పెనుకొండకు."

"ఎల్లుండి?"

"హిందూపురం."

"ఆవలెల్లుండి?"

"ఆదివారం అత్తా. యాడికీ లేదు."

"అయితే నిదానంగా తిను," అనింది.